ప్రయాణికుని పరిహారపు హక్కు

రెండు బస్సులు ఢీకొన్నవి. తప్పు నీదేయని డ్రైవర్లిరువురును ఒకరినొకరు నిందించుచుందురు. నడుమ కాలు విఱిగిన ప్రయాణికుడు పరిహారమును ఎవరిని అడుగవలెను?

అతడు బండి నడపలేదు. టిక్కెట్టు కొని కూర్చుండెను, అంతే. ఇరువురి అజాగ్రత్తవలన గాయము కలిగినచో, మొత్తము పరిహారమును ఏ యొక్కరినుండియైనను రాబట్టుకొనవచ్చునని మన సుప్రీంకోర్టు 2015లో తీర్పు చెప్పినది. ఎవరి వంతు ఎంతయో పిమ్మట వారిలో వారు తేల్చుకొనవలసినదే.

ఇట్టి వ్యాజ్యములను విచారించుటకు ప్రత్యేక ట్రిబ్యునళ్లను నెలకొల్పు ఏర్పాటు 1956లో చట్టసవరణ ద్వారా కలిగినది. ఇప్పుడు అమలులో నున్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ప్రమాదము వేఱొక జిల్లాలో జరిగినను, తాను నివసించు చోటి ట్రిబ్యునలునందే దరఖాస్తు చేసికొనవచ్చును. బాలుని పక్షమున తండ్రియో సంరక్షకుడో చేయును.

పరిహారమనగా ఆసుపత్రి ఖర్చు మాత్రమే కాదు. పోయిన కూలియు, పడిన బాధయు, మున్ముందు తగ్గబోవు సంపాదనయు లెక్కకు వచ్చును. ఒకే గాయము అందఱకు ఒకే నష్టము కలిగింపదు. కాలు పోయిన గుమాస్తా కూర్చుండి వ్రాయగలడు. నేతగాడో, మగ్గమును త్రొక్కజాలడు. అవయవము ఎంత చెడినదను లెక్కతోనే తృప్తిపడక, దానివలన సంపాదన ఎంత తగ్గినదో చూడవలెనని 2010లో సుప్రీంకోర్టు వివరించినది.

మందుల రసీదులను, పోలీసులిచ్చు ఎఫ్.ఐ.ఆర్. నకలును భద్రపఱచుకొనవలెను. టిక్కెట్టును సైతము, ఆ బస్సులో నుంటిమనుటకు అది సాక్ష్యము. దారిలోనే కొంత సొమ్ము చేతబెట్టి కాగితముపై వ్రేలిముద్ర వేయించుకొనజూచువారు లేకపోలేదు. ఆ కాగితమే రేపు ట్రిబ్యునలులో అడ్డు తగులవచ్చును.