తిరిగి తిరిగి మొదటికే!

ఇంటర్‌లో ప్రస్తారాలు, సంయోగాలు చాప్టర్ అందరం చదివాం. ఎన్ని రకాలుగా అమర్చవచ్చో లెక్కేసి, ఫ్యాక్టోరియల్ పెట్టి వదిలేశాం. కానీ ఒక్క ప్రస్తారాన్ని తీసుకుని దాని లోపల ఏముందో తొంగి చూశామా? అసలు సరదా అంతా అక్కడే ఉంది.

ఎనిమిది మంది, ఎనిమిది కుర్చీలు అనుకోండి. గంట కొట్టగానే 1లో ఉన్నవాళ్లు 3కి, 2 నుంచి 5కి, 3 నుంచి 7కి, 5 నుంచి 2కి, 6 నుంచి 8కి, 7 నుంచి 1కి, 8 నుంచి 6కి మారాలి. 4లో ఉన్నవాళ్లు కదలరు. ఇదొక ప్రస్తారం. ఇప్పుడు 1 వెంటపడదాం. 1 నుంచి 3, అక్కణ్ణుంచి 7, మళ్లీ 1. ఒక చక్రం పూర్తయింది, దాన్ని (1 3 7) అని రాస్తాం. మిగిలినవి (2 5), (4), (6 8). ఏ అంకే రెండు చక్రాల్లో కనపడదు కాబట్టి ఇవి వియుక్త చక్రాలు.

మరి కచ్చితంగా మొదటికే ఎందుకు రావాలి? 7 నుంచి 3కి వెళ్లి, అక్కడక్కడే తిరగొచ్చు కదా? కుదరదు. అలా అయితే 1లో వాళ్లూ 7లో వాళ్లూ ఒకే కుర్చీకి వచ్చినట్టు. ప్రస్తారంలో కుర్చీకి ఒక్కరే. దారిలో దాటొచ్చిన కుర్చీలన్నిటికీ ముందే మనిషి ఖరారైపోయారు, మొదటిదానికి తప్ప. ఈ ఒక్క మాట అర్థమైతే ప్రోగ్రామ్ దానంతటదే వచ్చేస్తుంది.

1. ఎన్ గడుల అర్రే ఒకటి తీసుకుని, అన్నిట్లో 'చూడలేదు' అని పెట్టండి.
2. ఫర్ లూప్‌లో అంకెలన్నీ వరసగా తీయండి. చూసేసింది అయితే దాటేయండి.
3. చూడనిది దొరికితే కొత్త చక్రం మొదలు. వైల్ లూప్‌లో దాన్ని చక్రంలో చేర్చి, 'చూశాం' అని టిక్ పెట్టి, అది చూపించే అంకెకు వెళ్లండి.
4. టిక్ ఉన్న అంకె తగిలితే చక్రం మూసుకున్నట్టే. ప్రింట్ చేసి ఫర్ లూప్‌కు తిరిగి రండి.

లూప్‌లో లూప్ ఉంది కదా అని ఎన్ స్క్వేర్ అనుకోవద్దు. ఒక్కో అంకెకు టిక్ పడేది ఒక్కసారే, కాబట్టి పని ఎన్‌తో పాటే పెరుగుతుంది, అంతే.

దీనివల్ల లాభం? ఎన్ని గంటలకు అందరూ మొదటి చోటికి వస్తారు? చక్రాల పొడవులు 3, 2, 1, 2. వాటి క.సా.గు. 6, అదే జవాబు. 10 పవర్ 18 గంటలు కొడితే? సెకనుకు 10 కోట్ల గంటల చొప్పున సిమ్యులేట్ చేసినా 300 ఏళ్లు దాటుతుంది. చక్రాలు తెలిస్తే శేషం చాలు. 3తో భాగిస్తే 1 మిగులుతుంది, 2తో భాగిస్తే 0. అంటే (1 3 7) వాళ్లు ఒక్క అడుగు ముందుకు, మిగతావాళ్లు ఎక్కడివాళ్లు అక్కడే!

ఇప్పుడు పేక తీయండి. 52 ముక్కల్ని సరిగ్గా సగం చేసి, ఒకటి ఇటు, ఒకటి అటు పేర్చాలి. పైముక్క పైనే ఉండేలా కలిపితే, స్థానాలను 0 నుంచి లెక్కపెడితే, మొదటి 26 ముక్కల స్థానం రెట్టింపు అవుతుంది. మిగతావాటికి రెట్టింపులోంచి 51 తీసేయాలి. ప్రోగ్రామ్‌కిస్తే 8 పొడవు చక్రాలు ఆరు, 2 పొడవుది ఒకటి, కదలని ముక్కలు రెండు వస్తాయి. క.సా.గు. 8. ఎనిమిదిసార్లు కలిపితే పేక ఎలా ఉన్నది అలాగే!

అదే పైముక్క రెండోది అయ్యేలా కలపండి. మొదటి సగానికి రెట్టింపు ప్లస్ 1, రెండో సగానికి రెట్టింపు మైనస్ 52. ఈసారి వచ్చేది 52 ముక్కలకూ కలిపి ఒకే ఒక్క చక్రం. మొదటికి రావాలంటే 52సార్లు కలపాలి. కలిపే చేతుల్ని చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా చక్రాల్లోనే బయటపడుతుంది. ఈ రెండూ కోడ్ రాసి రన్ చేసి చూడండి, పట్టుమని ఇరవై లైన్లు కూడా కావు.