తగ్గించడంలోని నేర్పు: డీజే మిశ్రణంలో ఈక్వలైజర్, క్రాస్‌ఫేడర్

వివాహాల ఋతువు వచ్చిందంటే రాయ్‌పూర్ నగరంలో రాత్రులకు నిద్ర కరవవుతుంది. పురానీ బస్తీ సందులు మొదలుకొని శంకర్‌నగర్ కల్యాణ మండపాల వరకు బారాత్‌లు సాగుతూనే ఉంటాయి. వినాయక నిమజ్జన వేళ మహాదేవ్ ఘాట్ వైపు కదిలే ఊరేగింపుల సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఒకప్పుడు బ్యాండు మేళాలు, ధుమాల్ బృందాలు వహించిన పాత్రను నేడు చాలవరకు డీజే స్వీకరించాడు. ఆయన పెట్టె చేసే చప్పుడు మనందరికీ తెలుసు. ఆయన చేతివ్రేళ్ళు ఏమి చేస్తున్నాయో గమనించినవారు అరుదు. నేను కూడా ఇటీవలి వరకు గమనించలేదు.

గత మాఘమాసంలో మా పొరుగున ఒక రిసెప్షన్ జరిగింది. ఎనభై ఏళ్ళు దాటిన మా అమ్మగారు ఆసుపత్రి నుండి వచ్చి అప్పటికి మూడు రోజులే అయింది. మూసిన కిటికీ అద్దాలు దడదడలాడుతున్నాయి. పాట మాత్రం ఒక్క ముక్క తెలియడం లేదు. కొంత కోపంతోనే వెళ్ళాను. యంత్రాల వెనుక ఉన్న యువకుడు తెలుగువాడే. శ్రీకాకుళం జిల్లా నుండి వలస వచ్చిన కుటుంబమట. సంగతి చెప్పగానే, "క్షమించండి బాబాయ్ గారూ" అంటూ, 'లో' అని వ్రాసి ఉన్న చిన్న నాబ్‌ను ఎడమకు త్రిప్పాడు. ఇంటికి తిరిగి వచ్చేసరికి అద్దాలు ఊరుకున్నాయి. మరునాడు ఉదయం అమ్మ అడిగింది: "రాత్రి చివరలో వేసిన ఆ పాట ఏదిరా? బాగుంది."

ముప్పై ఏళ్ళుగా యంత్రాల మధ్య పనిచేసిన నాకు ఆ ప్రశ్న ఆసక్తి కలిగించింది. ఆ యువకుని పిలిచి, ఒక మధ్యాహ్నమంతా అతని విద్యను తెలుసుకున్నాను.

రెండు పాటలు, ఒకే లయ

డీజే పని ఒక పాట ముగియగానే మరొకటి వేయడం కాదు. నాట్యం ఆగకుండా మొదటి పాటలోనికి రెండవదానిని ప్రవేశపెట్టడం. దీనికి ముందు రెండింటి లయ కలవాలి. నిమిషానికి 120 దెబ్బలున్న పాటలో దెబ్బకు దెబ్బకు మధ్య అర సెకను వ్యవధి ఉంటుంది. ఒక పాట 104, రెండవది 100 దెబ్బలతో నడిస్తే, రెండవదాని వేగాన్ని 4 శాతం పెంచాలి. ఇదంతా సభకు వినిపించకుండా డీజే తన హెడ్‌ఫోన్‌లో సరిచూసుకుంటాడు. తరువాత, మన తాళంలో ఎత్తుగడ పాటించినట్లే, 16 లేక 32 దెబ్బల వరుస ముగిసే చోట కొత్త పాటను ఎత్తుకుంటాడు.

ఈ విద్య 1970 ప్రాంతంలో న్యూయార్క్ నృత్యశాలలలో ఫ్రాన్సిస్ గ్రాసో వంటివారి చేతిలో రూపుదిద్దుకున్నది. అదే నగరంలోని బ్రాంక్స్ ప్రాంతానికి చెందిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ ఎలక్ట్రానిక్స్ చదివినవాడు. రికార్డును సభకంటే ముందుగా తాను వినే ఏర్పాటును స్వయంగా చేసుకున్నాడు. 1979లో వచ్చిన టెక్నిక్స్ ఎస్‌ఎల్-1200 ఎమ్‌కే2 అనే టర్న్‌టేబుల్‌కు బెల్టు లేదు. మోటారే పళ్ళెమును నేరుగా త్రిప్పుతుంది. వేగాన్ని 8 శాతం వరకు హెచ్చించే, తగ్గించే మీట దానికి ఉండేది. నేడు ఆ పనిని కంప్యూటర్ చేస్తున్నా సూత్రం మారలేదు.

అడుగు స్వరాల మార్పిడి

లయ కలిసినంత మాత్రాన పాటలు కలవవు. ఇక్కడనే ఈక్వలైజర్ అవసరం వస్తుంది. మిక్సర్‌పై ప్రతి పాటకు 'హై', 'మిడ్', 'లో' అని మూడు నాబ్‌లుంటాయి. స్థూలంగా 250 హెర్ట్జ్‌లకు దిగువన డోలు దెబ్బ, బేస్ గిటార్. నడుమ గాయకుని గొంతు. 2,500 హెర్ట్జ్‌లకు ఎగువన గజ్జెలు, తాళాల మెరుపు ప్రధానంగా వినిపిస్తాయి. నాబ్ నిటారుగా ఉన్నప్పుడు ధ్వనిలో మార్పు ఉండదు.

ఛత్తీస్‌గఢ్ జానపద గీతం ఆధారంగా రూపొందిన 'గేందా ఫూల్' పాట (ఢిల్లీ-6, 2009) మ్రోగుతున్నదనుకుందాము. దానిలోనికి ఒక తెలుగు పాటను తేవాలి. రెండు డోళ్ళూ ఒకే క్షణంలో పూర్తి బలంతో మ్రోగితే తరంగాలు ఒకదానిపై ఒకటి చేరి, వోల్టేజి రెండింతలు కావచ్చు. అనగా 6 డెసిబెల్‌ల పెరుగుదల, నాలుగింతల శక్తి. ఆంప్లిఫయర్‌కు అంత శక్తి లేనప్పుడు తరంగ శిఖరాలు తెగిపోతాయి. దీనినే క్లిప్పింగ్ అంటారు. మనకు వినిపించే బొంగురు గరగర అదే. స్పీకర్ కాయిల్ మాడిపోవడానికీ అది దారితీయవచ్చు. దెబ్బలు కొద్దిగా ముందువెనుకలైతే మరొక చిక్కు: తరంగాలు పరస్పరం రద్దయి డోలు బలహీనపడుతుంది.

నేర్పరి అయిన డీజే కొత్త పాటను 'లో' పూర్తిగా తగ్గించియే ప్రవేశపెడతాడు. తొలుత గజ్జెలు, తరువాత గొంతు వినిపిస్తాయి. వరుస ముగిసిన దెబ్బ వద్ద ఒక చేత్తో పాత పాట 'లో' తగ్గించి, రెండవ చేత్తో కొత్తదానిని నిటారు స్థానానికి తెస్తాడు. ఒక సమయంలో ఒకే డోలు, ఒకే గొంతు ఉండాలన్నది నియమం. "పెంచడం అందరికీ వచ్చు బాబాయ్ గారూ, ఏది తగ్గించాలో తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది" అన్నాడతడు.

నడుమ లోయ

క్రాస్‌ఫేడర్ అడ్డంగా జరిగే మీట. ఒక కొసన మొదటి పాట, మరొక కొసన రెండవది. మధ్యలో రెండింటి వోల్టేజినీ చెరిసగం చేస్తే, సంబంధం లేని రెండు ధ్వనుల మొత్తం శక్తి సగమే అవుతుంది. 3 డెసిబెల్‌ల లోయ ఏర్పడుతుంది. సభ చల్లబడినట్లు తోస్తుంది. అందుచేత మధ్యస్థానంలో ఒక్కొక్కటి 0.707 వంతు ఉండేటట్లు వక్రరేఖను రూపొందిస్తారు. శక్తుల మొత్తం స్థిరంగా నిలుస్తుంది. మీట కొసను విడిచీ విడువగానే రెండవ పాట పూర్తిగా విచ్చుకొనే నిటారు వక్రరేఖ రికార్డును గీకి వాయించేవారికి అనుకూలం. పెళ్ళి సభకు మొదటిదే మేలు.

చెవి, చట్టం, పొరుగు

అద్దాల అదురుకు కారణం కూడా సులభమే. 50 హెర్ట్జ్‌ల ధ్వని తరంగం పొడవు దాదాపు 7 మీటర్లు. 5,000 హెర్ట్జ్‌లది 7 సెంటీమీటర్లు. పొడవైన తరంగాన్ని గోడలు, కిటికీలు సరిగా అడ్డుకోలేవు. పాట పెళ్ళివారికి, దెబ్బలు పొరుగువారికి మిగులుతాయి.

కర్మాగారంలో 8 గంటల పనికి 90 డెసిబెల్‌లను పరిమితిగా పాటిస్తూ ఇయర్‌ప్లగ్ ధరించే మనమే, సాయంకాలం అంతకంటే పెద్ద ధ్వని ముందు పిల్లలను భుజాలపై ఎత్తుకొని నిలబడుతున్నాము. 100 డెసిబెల్‌ల వద్ద 15 నిమిషాలు మించరాదని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ సూచిస్తుంది. ఆ విధంగా పోయిన వినికిడి తిరిగి రాదు.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు. ప్రత్యేక అనుమతి ఉన్న కొద్దిపాటి పండుగ దినాలలో తప్ప, రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషిద్ధం. బిలాస్‌పూర్‌లోని ఉన్నత న్యాయస్థానం వాహనాలపై సౌండ్ బాక్సుల విషయమై 2016లోనే ఆదేశాలిచ్చింది. అయినా ప్రతి పండుగకూ ఈ సమస్య తిరిగి తలెత్తుతూనే ఉన్నది.

చట్టం అమలయ్యే వరకు వేచి ఉండనక్కరలేదు. ఇంట శుభకార్యానికి డీజేను కుదుర్చుకునేటప్పుడు మూడు మాటలు ముందుగా చెప్పుకుందాము: మిక్సర్‌పై ఎరుపు దీపం వెలగరాదు, పొరుగిళ్ళకు దగ్గరలో 'లో' తగ్గించాలి, పదికి ఆపాలి. మంచి డీజే ఈ మాటలకు నొచ్చుకోడు. తన పని తెలిసినవారు ఎదురైనందుకు సంతోషిస్తాడు. వచ్చే మాఘంలో మా ఇంట జరిగే వివాహానికి ఆ యువకునికే కబురు పంపాను.