ఉస్తాద్ తెమ్మన్న సిగరెట్టు

గడచిన రంజాన్ మాసంలో ఒకనాడు ఇఫ్తార్ ముగిశాక మస్జిద్ వెనుక సందులో పదహారేళ్ల పిల్లవాడొకడు సిగరెట్టు కాలుస్తూ మా కంటబడ్డాడు. ఆ రోజు రోజా ఉన్నవాడే. అస్ర్ నమాజులో మా పక్కనే నిలబడ్డాడు. మమ్మల్ని చూడగానే సిగరెట్టు కాలికింద నలిపి, "పొద్దుట్నుంచీ తల పగిలిపోతోంది మౌల్సాబ్, అందుకే..." అన్నాడు.

పిల్లవాడు చెప్పింది అబద్ధం కాదు. నికోటిన్‌కు అలవాటుపడిన ఒంటికి అది అందకపోతే తలనొప్పి, చిరాకు పుడతాయి. ఎదిగే వయసులో మెదడు దానికి మరింత త్వరగా లొంగిపోతుంది.

ఈ అలవాటు ఎక్కడ అంటిందని అడిగాం. బడి వదిలాక సాయంత్రాలు, ఆదివారాలు విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ షెడ్డులో పని చేస్తున్నాడట. ఉస్తాద్ రోజూ సిగరెట్లు తెప్పించుకునేవాడు. ఒకనాడు తన చేతులకు గ్రీజు ఉందని, ముట్టించి ఇమ్మన్నాడు. ఒక దమ్ము లాగితేనే గదా అంటుకునేది!

మన ఇళ్లలో పిల్లవాడి జేబులో సిగరెట్టు దొరికితే సావాసగాళ్లను తిడతాం, సినిమాలను తిడతాం. పనిచోటు మాత్రం మన తలపుకు రాదు. అమెరికాలోని బాల్టిమోర్ నగర పిల్లలపై జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన అధ్యయనం ఒకటి 2007లో వెలువడింది. వారానికి పది గంటలు, అంతకు మించి జీతానికి పనిచేసే పిల్లలు మరింత చిన్న వయసులోనే పొగాకు ముట్టుకుంటున్నారని అందులో తేలింది. చేతిలో సొంత డబ్బు, చుట్టూ కాల్చే పెద్దలు. ఆటోనగర్‌లో అయినా అంతే కదా.

అలాగని పని మాన్పించమని మేము అనం. తండ్రి ఆటో నడిపి, తల్లి మిషను కుట్టి నెట్టుకొచ్చే ఇంటికి ఆ కూలి హలాల్ సొమ్ము, చేతికొచ్చే విద్య అంతకంటే విలువైనది. కానీ పిల్లవాణ్ని అప్పగించేటప్పుడు "హడ్డీ హమారీ, చమ్డీ ఆప్‌కీ" అనేసి వచ్చేస్తాం. కూలి ఎంతో మాట్లాడుకుంటాం, భోజనం సంగతి మాట్లాడుకుంటాం. సిగరెట్లు తెప్పించవద్దని ఒక్కరమూ చెప్పం.

చట్టం మాత్రం చెప్పింది. పద్దెనిమిదేళ్లు నిండనివారికి పొగాకు అమ్మరాదని 2003 నాటి చట్టం. జరిమానా రెండు వందల రూపాయల వరకు. పిల్లలకు పొగాకు ఇచ్చినవారికి ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా అని 2015 నాటి బాలల న్యాయ చట్టం. కానీ బడ్డీకొట్టు దగ్గర "ఉస్తాద్‌కి" అంటే చాలు, చేతిలో పెడతారు. అదీ విడిగా, ఒక్కొక్కటే. పెట్టె మీద 85 శాతం మేర అచ్చువేసే ఆ భయంకరమైన బొమ్మ పిల్లవాడి కంటబడే అవకాశమే లేదు.

ఈ మాటలు రాస్తుంటే మాకే సిగ్గుగా ఉంది. మక్తబ్‌లో చదువు చెప్పే తొలిరోజుల్లో మాకు జర్దా పాన్ అలవాటు. తెచ్చిపెట్టేది శిష్యులే. మేము ఎన్నడో మానేశాం. నాటి శిష్యుడొకడు ఇప్పటికీ మానలేక, "పొట్లం విప్పి రుచి చూసింది మీ పాన్‌తోనే మౌల్సాబ్" అని నవ్వుతుంటాడు. మాకు నవ్వు రాదు.

పండుగ వెళ్లాక తండ్రిని వెంటబెట్టుకొని ఆ షెడ్డుకు వెళ్లాం. ఉస్తాద్ చెడ్డవాడేం కాదు. "మా ఉస్తాద్ కూడా నాచేత తెప్పించేవాడు మౌల్సాబ్, నాకూ అట్లనే పట్టింది" అని చాలాసేపు నేలకేసి చూస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు తనవి తానే తెచ్చుకుంటున్నాడట. పొగాకు మానదలచినవారి కోసం ప్రభుత్వం నడిపే 1800 112 356 అనే ఉచిత ఫోన్ నంబరు ఇద్దరికీ రాసిచ్చాం.

పిల్లవాడు ఇంకా పూర్తిగా మానలేదు. రోజుకు నాలుగు కాల్చేవాణ్ని రెండుకు వచ్చానంటున్నాడు. సోమవారాలు నఫిల్ రోజా ఉంటున్నాడు. ఆ రోజు ఇఫ్తార్‌కు మా ఇంటికే రమ్మన్నాం.