ఆర్‌ఎక్స్‌ 100కు లక్షలు: అపోహలు – వాస్తవాలు

1962 నాటి ఫెరారీ 250 జీటీవో కారు ఒకటి 2018 ఆగస్టులో అమెరికాలోని మాంటెరేలో వేలానికి వచ్చి 4 కోట్ల 84 లక్షల డాలర్లు పలికింది. ఆ మోడల్‌లో మొత్తం తయారైనవే 36 కార్లు. అలాంటి కారు కరీంనగర్ టవర్ సర్కిల్‌లో కనబడదు గానీ, దాని వెనకున్న మోజు మాత్రం ఇక్కడివాళ్లకు కొత్త కాదు. ఉత్తర తెలంగాణలో ఆ మోజుకు రెండు చక్రాలుంటాయి. దాని పేరు యమహా ఆర్‌ఎక్స్‌ 100.

1985 చివర్లో వచ్చిన ఈ బండి తయారీ 1996లో ఆగిపోయింది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్, 11 హార్స్‌పవర్, బరువు 103 కిలోలు. 1985లోనే మార్కెట్లోకి వచ్చిన హీరో హోండా సీడీ 100 శక్తి సుమారు ఏడు హార్స్‌పవర్. తక్కువ బరువుకు ఎక్కువ శక్తి తోడవడమే ఆర్‌ఎక్స్‌ పికప్ రహస్యం. స్పోర్ట్స్ కారు కొనలేని తరానికి ఇదే స్పోర్ట్స్ కారు అయింది. ఇప్పుడు బాగుచేసి మెరుగుపెట్టిన ఆర్‌ఎక్స్‌ 100కు లక్ష దాటిన ధర చెప్పడం గోదావరిఖని నుంచి నిర్మల్ దాకా మామూలైపోయింది. ధర పెరిగిందన్నది నిజమే. ఏ బండికి పెరిగింది, ఎందుకు పెరిగింది అన్న దగ్గరే అపోహలు ముసురుకుంటున్నాయి. వాటిని నమ్మి అప్పు చేసి మరీ బయానా ఇచ్చే కుర్రాళ్లున్నారు కాబట్టి, ఒక్కొక్కటీ విప్పి చూడాలి.

“ఇరవై వేల బండికి లక్ష వస్తోంది, ఇంతకన్నా మంచి పెట్టుబడి ఏముంది?”

ఎక్కువగా వినపడే మాట ఇదే. ఎక్కువ నష్టం చేసేదీ ఇదే. 1985లో ఆర్‌ఎక్స్‌ 100 షోరూం ధర ఇరవై వేలకు కొంచెం తక్కువ. ఆ ఏడాది తులం, అంటే పది గ్రాముల బంగారం సుమారు 2,100 రూపాయలు. బండి కొన్న డబ్బుతో తొమ్మిది తులాల బంగారం వచ్చేది. 2025 ఏప్రిల్‌లో తులం లక్ష దాటింది. అంటే ఆ తొమ్మిది తులాలు తొమ్మిది లక్షల పైమాటే. బండికి లక్షన్నర వచ్చిందనుకున్నా బంగారం ముందు అది ఆరోవంతు. ఈ లెక్కలో నలభై ఏళ్ల పెట్రోలు, 2టీ ఆయిల్, బోరు, టైర్లు, ఇన్సూరెన్సు కలపనేలేదు.

ఇంకో మాట. యజమాని చెప్పే ధర, బండి నిజంగా అమ్ముడుపోయిన ధర ఒకటి కావు. ఫోన్‌లో కనిపించే లక్షన్నర అమ్మేవాడి ఆశ. బేరం కుదిరి డబ్బు చేతులు మారాక నిలిచేదే ధర. పది ప్రకటనలు చూసి మార్కెట్ రేటు తేల్చుకునేవాళ్లు అందులో ఎన్ని బండ్లు నెలల తరబడి అలాగే ఉన్నాయో గమనించరు. ఆర్‌ఎక్స్‌ను ఇష్టంతో కొనుక్కోవడంలో తప్పేమీ లేదు. బిడ్డ పెళ్లికి పనికొస్తుందని కొంటేనే తప్పు.

“ఎంత పాతదైతే అంత ధర”

పాతదనమే ధర తెస్తే ఊరూరా కొట్టాల్లో తుప్పు పడుతున్న మోపెడ్లన్నీ బంగారమయ్యేవి. కొనేవాళ్లు చూసేది వయసు కాదు. ఎన్ని మిగిలాయి, ఎంతమంది అడుగుతున్నారు, ఎంత ఒరిజినల్‌గా ఉంది అన్నవే ధరను నిలబెడతాయి.

రాజ్‌దూత్ సంగతే చూడండి. పల్లెల్లో టీచర్లు, రైతులు నడిపిన రాజ్‌దూత్ 175 సీసీ బండి. ఎస్కార్ట్స్ కంపెనీ యమహా సహకారంతో 1983లో తెచ్చిన రాజ్‌దూత్ 350 పూర్తిగా వేరు: రెండు సిలిండర్లు, 347 సీసీ, ఆరు గేర్లు, తొలి రకంలో దాదాపు 30 హార్స్‌పవర్. ధర ఎక్కువని, పెట్రోలు తాగేస్తుందని ఆ రోజుల్లో జనం దాన్ని పక్కన పెట్టారు. దశాబ్దం తిరక్కుండానే తయారీ ఆగింది. అప్పుడు అమ్ముడుపోనందువల్లే ఇప్పుడు అరుదైంది, అరుదైనందువల్లే ఖరీదైంది. “రాజ్‌దూత్‌కు లక్షలంట” అన్న మాట విని తాత గారి 175ను పట్టుకుని కరీంనగర్ ఆటో కన్సల్టెన్సీల చుట్టూ తిరిగితే నిరాశే మిగులుతుంది.

ఆర్‌ఎక్స్‌ 100ను “వింటేజ్” అని అమ్మడం మరో పొరపాటు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జూలైలో తెచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్ గుర్తింపుకు మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ పెద్ద మార్పులు లేకుండా ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు, నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. ఆ బండిని రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదు. మొట్టమొదటి ఆర్‌ఎక్స్‌కైనా ఆ అర్హత 2035లోనే.

“సినిమా వచ్చాకే ధర పెరిగింది”

అజయ్ భూపతి తీసిన ‘ఆర్‌ఎక్స్‌ 100’ 2018 జూలైలో విడుదలైంది. అప్పటికి బండి తయారీ ఆగి 22 ఏళ్లు. సినిమా కొత్త తరానికి ఆ పేరును పరిచయం చేసింది, గిరాకీకి ఊపూ ఇచ్చింది. కానీ తయారీ ఆగిన బండ్లు ప్రమాదాల్లో, పాత ఇనుము దుకాణాల్లో ఏటేటా తగ్గిపోవడం అంతకుముందు నుంచే జరుగుతోంది. సినిమా బలం నేరుగా పనిచేసేది తెరమీద కనిపించిన ఆ ఒక్క బండికే. హాలీవుడ్ నటుడు పాల్ వాకర్ ‘ఫాస్ట్ అండ్ ఫ్యూరియస్’లో నడిపిన 1994 టొయోటా సూప్రా 2021 జూన్‌లో వేలంలో 5 లక్షల 50 వేల డాలర్లు పలికింది. మిగతా సూప్రాలన్నిటికీ ఆ ధర రాలేదు.

“టూ స్ట్రోక్ బండ్లను ప్రభుత్వం నిషేధించింది”

ఆర్‌ఎక్స్‌ 100ను పేరు పెట్టి నిషేధించిన చట్టమేదీ లేదు. 1996 ఏప్రిల్ నుంచి పొగ నిబంధనలు బిగిశాయి. టూ స్ట్రోక్‌లో ఆయిల్ కూడా పెట్రోలుతో పాటే కాలుతుంది, కొంత ఇంధనం కాలకుండానే సైలెన్సర్‌లోంచి బయటికి పోతుంది. దానివల్లే ఆ నిబంధనలు అందుకోవడం కష్టమైంది. ఆ తర్వాత కూడా ఆర్‌ఎక్స్‌ 135 రూపంలో యమహా టూ స్ట్రోక్ 2005 దాకా అమ్ముడుపోయింది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 అమల్లో ఉంది. పాత ఇంజిన్ పాత సౌండుతో షోరూంకు తిరిగి వచ్చే దారి లేదు. ఆ పేరుతో రేపు కొత్త బండి వచ్చినా అది వేరే బండే.

“పదిహేనేళ్లు దాటితే తుక్కుకే”

ఢిల్లీ వార్తలు చూసి ఇక్కడివాళ్లు కంగారుపడుతున్నారు. పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోలు వాహనాల మీద ఆంక్షలు ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానివి. తెలంగాణలో సొంత వాడకం బండికి పదిహేనేళ్ల తర్వాత రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి పొడిగించుకోవచ్చు. అయితే అది చౌక వ్యవహారం కాదు. 2025 ఆగస్టులో కేంద్రం ఫీజులు పెంచాక, ఇరవై ఏళ్లు దాటిన మోటార్‌సైకిల్ రెన్యువల్‌కు 2,000, కారుకు 10,000 రూపాయలు. గ్రీన్ ట్యాక్స్ వేరు. గడువు దాటిన బైకుకు నెలకు 300 చొప్పున ఆలస్య రుసుమూ ఉంది. ఏళ్ల తరబడి రెన్యువల్ లేని బండిని “కాగితాలదేముంది, చేయించుకోవచ్చు” అని అంటగడితే, ముందు తిమ్మాపూర్ రవాణా కార్యాలయంలోనో, మీ జిల్లా కార్యాలయంలోనో మొత్తం ఎంతవుతుందో అడిగి ఆ తర్వాతే బేరానికి కూర్చోవాలి.

ఏపీ 15, ఏపీ 01 నంబర్లు ఇక చెల్లవన్న పుకారు కూడా తిరుగుతోంది. అది అబద్ధం. కరీంనగర్ ఏపీ 15 రాష్ట్రం వచ్చాక టీఎస్ 02 అయింది, ఆదిలాబాద్ టీఎస్ 01 అయింది, 2024 మార్చి నుంచి కొత్త బండ్లకు టీజీ వస్తోంది. పాత నంబర్లు పాతవిగానే కొనసాగుతున్నాయి. ఏపీ 15 ప్లేటుతో ఉన్న ఆర్‌ఎక్స్‌ ఈ జిల్లాలోనే పుట్టి పెరిగిందనడానికి గుర్తు కూడా, అభిమానులు ఆ నంబరును కోరి మరీ అడుగుతారు.

“సొంత బండి అమ్మినా 18 శాతం జీఎస్టీ”

2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయం వెలువడగానే పుట్టిన భయమిది. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న వ్యాపారి పాత వాహనం అమ్మితే, అతనికి మిగిలిన లాభం మీదే 18 శాతం. అరవై వేలకు కొన్న బండిని ఎనభై వేలకు అమ్మితే పన్ను పడేది ఇరవై వేల మీద, అంటే 3,600. ఒక మనిషి తన బండిని ఇంకో మనిషికి అమ్ముకుంటే ఈ పన్ను లేదు. “జీఎస్టీ మీరే కట్టాలి” అని కన్సల్టెన్సీలో ఎవరైనా అమ్మినవాళ్ల డబ్బు కోస్తే లెక్క అడగండి.

“స్టాంపు పేపరు మీద సంతకం ఉంది, ఇంకేం కావాలి?”

మిగతా అపోహలన్నీ జేబుకు చిల్లు పెట్టేవి. ఇది ఇల్లు గుల్ల చేసేది. వంద రూపాయల స్టాంపు పేపరు మీద అమ్మకం రాసుకుని, సంతకం పెట్టిన ఫారాలు ఖాళీగా చేతికిచ్చి, బండి అప్పగించి మరిచిపోవడం మన దగ్గర పాత అలవాటు. పాత ఆర్‌ఎక్స్‌ ఒకటి నలుగురైదుగురి చేతులు మారి ఉంటుంది, ఆర్సీలో మాత్రం మొదటి యజమాని పేరే ఉంటుంది.

సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరి 6న ఇచ్చిన తీర్పు ఈ అలవాటున్న ప్రతి ఇంట్లోనూ తెలియాలి. 2007లో అమ్మేసిన కారు ఒకరి నుంచి ఒకరికి మారుతూ పోయింది. 2009లో ప్రమాదం జరిగింది. అప్పటికీ రికార్డుల్లో మొదటి యజమాని పేరే ఉంది. నష్టపరిహారం బాధ్యత ఆయనదేనని కోర్టు తేల్చింది. బండి ఎవరి దగ్గరున్నా, రిజిస్టర్లో ఎవరి పేరుంటే వారే చట్టం దృష్టిలో యజమాని. జగిత్యాలలోనో సిరిసిల్లలోనో బండి అమ్మి దుబాయ్ వెళ్లిపోయిన మనిషికి ఆ బాధ్యత అక్కడిదాకా వెంటపడుతుంది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఫారం 29, ఫారం 30 నింపి రవాణా కార్యాలయంలో ఇవ్వాలి. ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలపాలని మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ చెబుతోంది. కొనేవాళ్లు ఛాసిస్ నంబరు, ఇంజిన్ నంబరు రెండూ ఆర్సీతో సరిపోల్చి చూడాలి. గీకి మళ్లీ పంచ్ చేసిన ఆనవాలు కనిపిస్తే, ఎంత చౌకైనా అక్కడి నుంచి లేచి రావడమే మంచిది.

“ఇంజిన్ విప్పని బండే మేలు”

ముప్పై ఏళ్ల ఇంజిన్ ఎప్పుడూ విప్పలేదంటే అది గొప్ప కాదు. టూ స్ట్రోక్‌లో క్రాంక్ సీళ్లు రబ్బరువి, మూలన పడి ఉన్నా గట్టిపడతాయి. గాలి లాగడం మొదలైతే పిస్టన్ పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్‌ బోరు 50 మిల్లీమీటర్లు. అరిగినప్పుడు పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద పిస్టన్‌తో బోరు చేయించడం మామూలు పని. ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు, ఏ సైజు పిస్టన్ మీద ఉంది అని అడగడమే తెలివైన ప్రశ్న. సైలెన్సర్ కోసి సౌండు పెంచిన బండికి మాత్రం రెండు వైపులా నష్టమే: అభిమాని ధర తగ్గిస్తాడు, పోలీసు చలానా రాస్తాడు. చట్టం అనుమతించని ఇలాంటి మార్పులు చేయించే యజమానికి 5,000 రూపాయల దాకా జరిమానా ఉంది.

“స్పోర్ట్స్ కారుకూ ఇదే సూత్రం”

శ్రీనగర్–కన్యాకుమారి 44వ నంబరు జాతీయ రహదారి ఢిల్లీ మీదుగా వచ్చి ఆదిలాబాద్, నిర్మల్ దాటి పోతుంది. అదే దారిన “సగం ధరకు ఢిల్లీ కారు” అన్న ఊరింపు కూడా వస్తోంది. అక్కడ గడువు దగ్గరపడ్డ కారు చౌకగా దొరకడం నిజమే. కానీ అక్కడి ఎన్‌వోసీ కావాలి. పన్నెండు నెలలకు మించి ఇక్కడ ఉంచుకుంటే తెలంగాణ నంబరు తీసుకోవాలి, కారు వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టాలి. అవన్నీ కలిపాక “సగం ధర” సగంగా మిగలదు.

కొన్ని కార్లు నిజంగానే ధర నిలుపుకుంటాయి. 2020లో దాదాపు 36 లక్షలకు 200 మాత్రమే అమ్మిన స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ 245 అలాంటిది. ఖరీదైన జర్మన్ కార్ల ధరలు మాత్రం మొదటి ఐదేళ్లలో వేగంగా పడిపోతాయి. ఇన్సూరెన్సు లెక్క కూడా అంతే: నాలుగు నుంచి ఐదేళ్ల వాహనం విలువలో సగం కోత. ఐదేళ్లు దాటితే కంపెనీ, యజమాని మాట్లాడుకున్నంతే. అందుకే లక్ష పెట్టి కొన్న ఆర్‌ఎక్స్‌ పోతే ఇన్సూరెన్సు లక్ష ఇస్తుందని ఎవరూ అనుకోవద్దు. తప్పనిసరైన థర్డ్ పార్టీ పాలసీ ఆ తరగతి బండికి ఏడాదికి 714 రూపాయలు, పైన జీఎస్టీ. అది ఎదుటివాళ్ల నష్టానికే, సొంత బండి దొంగతనానికి కాదు.

ఇంట్లో, పొలం కాడి షెడ్డులో నాన్న గారి ఆర్‌ఎక్స్‌ ఉండి, ఆయన లేకపోతే, అమ్మే ఆలోచన ఉన్నా లేకపోయినా ఈ నెలలోనే ఒకసారి రవాణా కార్యాలయానికి వెళ్లి రండి. వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. యజమాని మరణించిన 30 రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లో దరఖాస్తు చేయాలన్నది నిబంధన. గడువు దాటిపోయినా వెళ్లి అడగండి. ఆర్సీ మీ పేరు మీద లేనంతకాలం ఎవరు ఎంత ధర చెప్పినా ఆ బండిని చట్టప్రకారం అమ్మలేరు.