పార్టీ అధ్యక్షపీఠం – దళిత నాయకత్వం: దామోదరం సంజీవయ్య ఎంపికపై ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

రామకృష్ణాపూర్‌లో నివసించే గని కార్మికునికి నాయకత్వం మూడు రూపాలలో ఎదురవుతుంది. ఆయన ఓటు వేసే చెన్నూరు శాసనసభ స్థానం, పెద్దపల్లి లోక్‌సభ స్థానం రెండూ షెడ్యూల్డ్ కులాలకు కేటాయించినవి. అక్కడ ఏ పార్టీ అయినా దళిత అభ్యర్థినే నిలపక తప్పదు. సింగరేణిలో గుర్తింపు సంఘాన్ని 1998 నుండి రహస్య బ్యాలెట్ ద్వారా కార్మికులే ఎన్నుకుంటున్నారు. మూడవది రాజకీయ పార్టీ అధ్యక్షపదవి. దీనికి రిజర్వేషన్ వర్తించదు. సాధారణ సభ్యుని ఓటూ ఉండదు. చట్టం ఒత్తిడి లేకుండా పార్టీ తనంత తానుగా చేసుకునే ఎంపిక ఇది. అందువల్ల కులం విషయంలో పార్టీ అంతరంగాన్ని పరిశీలించదలచిన వారికి అభ్యర్థుల జాబితాకంటె అధ్యక్షుల జాబితాయే ఎక్కువ ఉపకరిస్తుంది.

చేతులు మారిన పీఠాలు

1960 జనవరిలో నీలం సంజీవరెడ్డి అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షబాధ్యతలు స్వీకరించేందుకు ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రిపదవిని వదులుకున్నారు. ఆ స్థానంలోకి కర్నూలు జిల్లా పెద్దపాడుకు చెందిన దామోదరం సంజీవయ్య వచ్చారు. రాష్ట్రానికి తొలి దళిత ముఖ్యమంత్రి ఆయనే. అప్పటికి ఆయన వయస్సు నలభైకి లోపే. 1962 ఎన్నికలలో ఆయన ముఖ్యమంత్రిగా ఉండగానే కాంగ్రెస్ గెలిచింది. అయినా ఆ మార్చిలో సంజీవరెడ్డి తిరిగి ముఖ్యమంత్రి అయ్యారు. అదే సంవత్సరం సంజీవయ్య అఖిల భారత కాంగ్రెస్ అధ్యక్షులయ్యారు. స్వతంత్ర భారతంలో ఆ పీఠమెక్కిన తొలి దళితుడు ఆయనే.

ఈ మార్పును పదోన్నతిగా వర్ణించడం పరిపాటి. ఆ మాట పూర్తిగా తప్పు కాదు. అయితే రెండు పీఠాల రుచీ తెలిసిన సంజీవరెడ్డి జాతీయాధ్యక్షపదవిని విడిచి హైదరాబాదుకు తిరిగి రావడాన్నే మనం గమనించాలి. ఏ కుర్చీకి ఎక్కువ బరువున్నదో ఆ నిర్ణయమే చెబుతుంది.

అధ్యక్షపదవి బలహీనపడటానికి సంజీవయ్య కులం కారణం కాదు. 1951లో పురుషోత్తమదాస్ టాండన్ రాజీనామా చేసి నెహ్రూయే అధ్యక్షుడైననాటి నుండి ఆ పదవి ప్రధానమంత్రి నీడలోనే ఉంది. మన ప్రశ్న వేరు: పదవి బలహీనపడిన తరువాతనే అది దళితునికి అందుబాటులోకి రావడం కేవలం కాకతాళీయమా? 1963లో ఆరుగురు ముఖ్యమంత్రులు, ఆరుగురు కేంద్రమంత్రులు పదవులు వీడిన సంఘటన సంజీవయ్య అధ్యక్షతాకాలంలోనే జరిగింది. చరిత్రలో అది నిలిచింది మాత్రం ‘కామరాజ్ పథకం’గానే. 1964లో కామరాజ్ అదే పీఠమెక్కినప్పుడు, నెహ్రూ మరణానంతరం ప్రధాని ఎంపికను నడిపించగలిగారు. ఆయన వెనుక మద్రాసు రాష్ట్రపు పార్టీయంత్రాంగం ఉంది. సంజీవయ్యకు అటువంటి స్థావరంగా మారగలిగిన ముఖ్యమంత్రిపదవి రెండేళ్లకే చేజారింది.

కార్మికశాఖ అనే మరొక చిరునామా

ఇంతవరకు పెద్దగా దృష్టిపెట్టని విషయమొకటి బొగ్గుగనుల ప్రాంతం నుండి చూసేవారికి తేలికగా కనబడుతుంది. సంజీవయ్య, జగ్జీవన్ రామ్, మల్లికార్జున ఖర్గే — కాంగ్రెస్ జాతీయాధ్యక్షులైన ఈ ముగ్గురు దళితులూ కేంద్ర కార్మికమంత్రులుగా పనిచేసినవారే. ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షునిగా ఉండి, పెద్దపల్లి నుండి లోక్‌సభకు ఎన్నికైన జి. వెంకటస్వామి కూడా కేంద్రంలో ఆ శాఖను నిర్వహించారు. వారికి ముందు వైస్రాయ్ కార్యనిర్వాహకమండలిలో అంబేడ్కర్ చూసినదీ కార్మికశాఖే. 1971 యుద్ధకాలంలో జగ్జీవన్ రామ్ రక్షణమంత్రి కాబట్టి దీనిని నియమమనలేము. కానీ దళిత నాయకుని ‘శ్రామికుల ప్రతినిధి’గా ఊహించే అలవాటు పార్టీలకు బలంగా ఉన్నదనడానికి ఈ వరుస చాలు.

విశేషమేమంటే, ఆ శాఖలో చేసిన పని నిలిచింది. సంజీవయ్య కార్మికమంత్రిగా ఉన్న కాలంలోనే 1965 బోనస్ చెల్లింపు చట్టం వచ్చింది. బోనస్ మాట గనికార్మికుల ఇళ్లలో నేటికీ వినబడుతుంది. ఆయన రెండుసార్లు పార్టీ అధ్యక్షులైన సంగతి ఆ ఇళ్లలో ఎందరికి తెలుసు?

నియామకం, ఎన్నిక

భారతీయ జనతా పార్టీకి తొలి దళిత అధ్యక్షుడూ తెలుగునేలవారే. హైదరాబాదుకు చెందిన బంగారు లక్ష్మణ్ 2000 ఆగస్టులో ఆ పదవి చేపట్టి, రహస్య చిత్రీకరణలో డబ్బు తీసుకుంటూ కనబడటంతో 2001 మార్చిలో రాజీనామా చేశారు. ఆ పతనానికి కారణం ఆయన చర్యే. కమ్యూనిస్టుల లెక్క మరీ ఆలస్యం: 1925లో ఏర్పడిన భారత కమ్యూనిస్టు పార్టీకి దళిత ప్రధానకార్యదర్శి డి. రాజా రూపంలో 2019లో వచ్చారు.

అమెరికాలో వర్ణం విషయంలోనూ పోలిక దొరుకుతుంది. ఒబామా అధ్యక్షుడైన పది రోజులకు, 2009 జనవరి 30న, రిపబ్లికన్ జాతీయ కమిటీ ఆరవ విడత ఓటింగులో మైకేల్ స్టీల్‌ను తన తొలి నల్లజాతి ఛైర్మన్‌గా ఎన్నుకుంది. 2010లో ఆ పార్టీ ప్రతినిధుల సభను గెలుచుకున్నా, 2011 జనవరిలో ఆయనకు రెండవ అవకాశం దక్కలేదు. 1962 నాటి హైదరాబాదు గుర్తుకు రాక మానదు. తేడా ఒకటుంది. స్టీల్‌ను నిలిపినదీ దించినదీ కమిటీ సభ్యుల బహిరంగమైన లెక్క. మన దగ్గర ఆ లెక్క ‘అధిష్ఠానం’ అనే ఒక్క మాటలో దాగిపోతుంది.

1972 మే నెలలో సంజీవయ్య అధ్యక్షపదవిలో ఉండగానే మరణించారు. కాంగ్రెస్‌కు మరొక దళిత అధ్యక్షుడు రావడానికి యాభైయేళ్లు పట్టింది. 2022 అక్టోబరులో ఖర్గే 7,897 ఓట్లతో శశి థరూర్‌పై గెలిచారు. థరూర్‌కు 1,072 వచ్చాయి. గాంధీ కుటుంబపు మొగ్గు ఎటున్నదో అందరికీ తెలిసినదే అయినా, ఓట్లు లెక్కించారు, సంఖ్యలు ప్రకటించారు. ఆ ఓటర్లు ప్రదేశ్ కాంగ్రెస్ ప్రతినిధులు మాత్రమే. రాష్ట్ర అధ్యక్షులను మాత్రం అధిష్ఠానం ఇప్పటికీ ప్రకటనతోనే నియమిస్తున్నది. 2024లో తెలంగాణ అధ్యక్షుని పేరు వెలువడింది కూడా ఢిల్లీ నుండే.