మోకాలికి ఆపరేషను అవసరమా?

మోకాళ్ళ నొప్పి మాట వినపడని యిల్లు ఈ రోజుల్లో అరుదు. పీట మీద కూర్చుని లేవాలంటే గోడ ఆసరా కావాలి. మెట్లు ఎక్కడమన్నా నయమేగాని దిగేటప్పుడు ప్రాణం పోతుంది. డాక్టరుగారి దగ్గరికి వెడితే ఎక్స్‌రే చూసి, "గుజ్జు అరిగిందమ్మా" అంటారు. ఆ మాట వినగానే మనకు రెండు సందేహాలు కలుగుతాయి. ఆపరేషను చేయించుకోవాలా? చేయించుకుంటే తగ్గుతుందా? మొదటిదానికి జవాబు మిమ్మల్ని చూసిన డాక్టరుగారే చెప్పాలి. రెండోదానికి జవాబు వెతకడానికి కొందరు డాక్టర్లు చాలా ఏళ్ళు కష్టపడ్డారు. వాళ్ళు కనిపెట్టినదేమిటో యివాళ చెప్పుకుందాం.

ముందు మోకాలి నిర్మాణం గురించి రెండు ముక్కలు. తొడ ఎముక కింది కొస, కాలి ఎముక పై కొస కలిసేచోట రెండింటి మీదా నున్నటి మృదులాస్థి పొర వుంటుంది. మనం గుజ్జు అనేది దీన్నే. పేరుకు గుజ్జేగాని కాస్త గట్టిగానే, జారుడుగా వుంటుంది. ఆ రెండు ఎముకల మధ్యా నెలవంకల ఆకారంలో రెండు మెత్తలుంటాయి. వాటిని మెనిస్కస్‌లంటారు. వయసు పైబడే కొద్దీ గుజ్జు పలచబడుతుంది, నెలవంకల అంచులు చినుగుతాయి.

దీనికి ఆర్థ్రోస్కోపీ అనే ఆపరేషను వచ్చింది. చిన్న గాట్లు పెట్టి, పెన్సిలంత సన్నని గొట్టం లోపలికి పంపి, సెలైను నీళ్ళతో కీలును కడుగుతారు. గరుకుతేలిన గుజ్జును గీకి నునుపు చేస్తారు. పెద్ద కోత లేదు, రెండు మూడు కుట్లతో సరి. చేయించుకున్నవాళ్ళలో చాలామంది తగ్గిందనే చెప్పారు. అమెరికాలో ఒక దశలో ఇవి ఏడాదికి 6,50,000 పైగా జరిగేవి. ఒక్కొక్కదానికి ఖర్చు సుమారు 5,000 డాలర్లు.

"తగ్గిందన్నారు కదా, ఇంకేం కావాలి?" అంటారేమో. అసలు చిక్కు అక్కడే వుంది. నొప్పి భరించలేనంత ఎక్కువైనప్పుడే కదా మనం ఆపరేషనుకు ఒప్పుకుంటాం! అంత ఎక్కువైన నొప్పి కొన్నాళ్ళకు తనంత తానే కొంత దిగుతుంది. పైగా ఆపరేషను అయిన మనిషిని ఇంట్లోవాళ్ళు నెల్లాళ్ళు వంటింటి గడప తొక్కనివ్వరు. ఆ విశ్రాంతి ఏ ఆపరేషనూ లేకుండానే దొరికితే మనలో ఎంతమంది మోకాళ్ళు బాగుపడేవో! ఇక డబ్బు పోసి, దేవుడికి మొక్కుకుని, పెద్ద డాక్టరు చేత చేయించుకున్నామన్న నమ్మకం ఒకటి. ఇవన్నీ పోగా కత్తి చేసిన మేలెంత?

ఇది తేల్చడానికి హ్యూస్టన్ నగరంలో, మాజీ సైనికుల ఆసుపత్రిలో, బ్రూస్ మోస్లీ అనే సర్జను, ఆయన సహచరులు ఒక సాహసం చేశారు. కీళ్ళు అరిగిన 180 మందిని ఎంచుకుని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు గుజ్జు గీకి నునుపు చేశారు. ఒక జట్టుకు కీలు కడిగి వదిలేశారు. మూడో జట్టుకు ఆపరేషను చేసినట్టు నటించారు! ఎవరికి ఏది అన్నది మూసిన కవరులో వుండేది. రోగి ఆపరేషను గదిలోకి వచ్చాకనే సర్జను ఆ కవరు విప్పేవాడు. నటన అంటే అలా ఇలా కాదు. మత్తు ఇచ్చారు. చర్మం మీద మూడు చిన్న గాట్లు పెట్టారు. డాక్టరు పనిముట్లు అడిగి తీసుకున్నాడు, కాలు అటూ ఇటూ వంచాడు, కీలు కడుగుతున్నట్టు నీళ్ళ చప్పుడు కూడా చేయించాడు. గొట్టం మాత్రం లోపలికి వెళ్ళలేదు. ఆ రాత్రి అందరినీ ఒకేలాగ ఆసుపత్రిలో వుంచారు. ఎవరికేమి జరిగిందో రోగికీ తెలియదు, తర్వాత నొప్పి కొలిచినవాళ్ళకూ తెలియదు.

రెండేళ్ళు చూశారు. 2002 జూలైలో ఫలితాలు ప్రకటించారు. మూడు జట్లకూ తేడా లేదు! ఉత్త గాట్లు పడ్డవాళ్ళు కూడా నొప్పి తగ్గిందన్నారు, తక్కినవాళ్ళలాగే నడిచారు.

మనిషిని కోసి, ఏమీ చెయ్యకుండా కుట్టెయ్యడం అన్యాయం కాదా అని మీకు అనిపించవచ్చు. చేరేముందు ప్రతి ఒక్కరూ, తమకు ఉత్తుత్తి ఆపరేషనే జరగవచ్చునని తెలుసునంటూ స్వయంగా రాసి ఇవ్వాలి. అర్హులైన 324 మందిలో 144 మంది మాకు వద్దని వెళ్ళిపోయారు. వాళ్ళను ఎవరూ బలవంతపెట్టలేదు. నన్నడిగితే, పనిచేస్తుందో లేదో చూడకుండా ఏటా లక్షలమందిని కొయ్యడమే ఎక్కువ అన్యాయం.

అయితే ఆ 180 మందిలో దాదాపు అందరూ మగవాళ్ళే. మాజీ సైనికుల ఆసుపత్రి కదా మరి! మన మోకాళ్ళ సంగతి వేరేమో అన్న అనుమానానికి కెనడా నుంచి సమాధానం వచ్చింది. ఒంటారియోలో అలెగ్జాండ్రా కిర్క్‌లీ అనే మహిళా సర్జను ఒక పరిశోధన మొదలుపెట్టింది. అందులో చేరినవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళే. పాపం, 2002లో విమాన ప్రమాదంలో ఆమె మరణించింది. సహచరులు ఆ పని పూర్తిచేసి 2008లో ప్రచురించారు. వ్యాయామం, మందులకు తోడు ఆర్థ్రోస్కోపీ కూడా చేయించుకున్నవాళ్ళు రెండేళ్ళ తర్వాత, అది లేనివాళ్ళకన్నా మెరుగుగా ఏమీ లేరు. 2013లో ఫిన్లాండు డాక్టర్లు 146 మంది మీద, వయసుతో చినిగిన నెలవంకను కత్తిరించడం, కత్తిరించినట్టు నటించడం పోల్చి చూశారు. ఏడాది తర్వాత అక్కడా అంతే.

దీన్నిబట్టి ఆపరేషన్లన్నీ దండగ అనుకోకండి. ఆటలో దెబ్బతిన్న కుర్రవాడి మోకాలు వేరు, చినిగిన ముక్క అడ్డుపడి చాపలేకుండా బిగుసుకుపోయిన మోకాలు వేరు. కీలు మార్చే ఆపరేషను సంగతి కూడా వేరే. డెన్మార్కులో, కీలు మార్చవలసినంతగా అరిగిన 100 మందిని రెండు సగాలు చేశారు. అందరికీ 12 వారాలు వ్యాయామం, ఆహార నియమాలు, చెప్పుల్లో మెత్తలు, అవసరమైతే నొప్పి మాత్రలు. సగంమందికి ముందుగా కీలు మార్పిడి కూడా చేశారు. 2015లో వచ్చిన ఫలితం ఇది: ఏడాదికి, కీలు మార్పించుకున్నవాళ్ళలో నూటికి 85 మందికి చెప్పుకోదగ్గ మెరుగు కనిపించింది. ఆపరేషను లేనివాళ్ళలో నూటికి 68 మందికి. అంటే కత్తి ఇక్కడ నిజంగానే పనిచేసింది. కాని కాలి నరాల్లో రక్తం గడ్డకట్టడం, కీలు బిగుసుకోవడం వంటి చిక్కులు కూడా కీలు మార్చినవాళ్ళకే ఎక్కువ వచ్చాయి. ఆపరేషను లేని 50 మందిలో 13 మంది ఆ ఏడాదిలోనే మనసు మార్చుకుని చేయించుకున్నారు. తక్కిన 37 మందికి ఆ ఏడాది దాని అవసరం పడలేదు.

డబ్బు సంగతి కూడా ఒక మాట. 2017 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం కృత్రిమ మోకాలి కీళ్ళకు గరిష్ఠ ధర నిర్ణయించింది. బిల్లులో కీలు ధర విడిగా చూపాలని ఆసుపత్రులను ఆదేశించింది. అడగడానికి మొహమాటపడకండి.

ఇక మన చేతిలో వున్నది బరువు. శరీరం ఒక కిలో తగ్గితే, వేసే ప్రతి అడుగులోనూ మోకాలి మీద నాలుగు కిలోల ఒత్తిడి తగ్గుతుందని కొలిచి చూపించారు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే వూళ్ళో 1948 నుంచి జనం ఆరోగ్యాన్ని కనిపెట్టి చూస్తున్నారు. అక్కడి స్త్రీలలో పదేళ్ళలో సుమారు అయిదు కిలోలు తగ్గినవాళ్ళకు మోకాళ్ళ వాతం వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గిందని 1992లో తేలింది. మిగిలిపోయిన అన్నం పారెయ్యలేక తినే అలవాటున్న మనం ఇది గుర్తుపెట్టుకోవాలి.

పాదం గురించి కూడా ఒక సంగతి చెబుతాను. వెయ్యిమంది శిశువుల్లో ఒకరికి పుట్టుకతోనే పాదం లోపలికి వంకర తిరిగి వుంటుంది. మనవైపు వెంటనే తల్లిని పట్టుకుంటారు, గ్రహణంనాడు కదిలావా, కూర తరిగావా అని. గ్రహణానికీ పాదానికీ ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు ఇలాంటి పాదాలను పెద్దగా కోసి సరిచేసేవారు. స్పెయిన్లో పుట్టి అమెరికాలోని అయోవాలో స్థిరపడిన ఇగ్నాసియో పోన్సెటీ అనే డాక్టరు, పసికందు పాదాన్ని చేత్తో మెల్లగా తిప్పి పిండికట్టు వేసేవాడు. వారానికొకసారి కట్టు మారుస్తూ అయిదారు కట్లలో దారికి తెచ్చేవాడు. చాలామందికి చివర మడమ వెనక స్నాయువుకు చిన్న గాటు ఒకటి.

ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక, సగటున 34 ఏళ్ళ వయసులో, 45 మందిని పిలిచి పరీక్ష చేశారు. 1995లో ప్రచురించిన లెక్క ప్రకారం నూటికి 78 మంది పాదాలు బాగున్నాయి. ఏ లోపమూ లేకుండా పుట్టినవాళ్ళను కూడా అలాగే పరీక్షిస్తే నూటికి 85 వచ్చింది. అంత దగ్గరగా వున్నాయన్నమాట!

కాని కట్లు విప్పాక, కర్రకు బిగించిన బూట్లు మొదటి మూడు నెలలు రోజంతా, తర్వాత సుమారు నాలుగేళ్ళు వచ్చేదాకా రాత్రిళ్ళు తొడగాలి. మానేస్తే పాదం మళ్ళీ వంకర తిరుగుతుంది. పిల్లవాడు ఏడుస్తాడు, "పోనీలే, ఒక్క రాత్రికి విప్పెయ్యి" అని నాయనమ్మ అంటుంది. విప్పకండి.