పొగను పులుపుగా మార్చే సూక్ష్మజీవులు: కరెంటు దగ్గరే అసలు చిక్కు

సున్నపు బట్టీ చూసినవారికి ఒక సంగతి తెలుసు. వంద కిలోల రాయి కాలిస్తే వంద కిలోల సున్నం రాదు. మేలురకం రాయి అయినా 56 కిలోలే మిగులుతుంది. తక్కిన 44 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా, అంటే కార్బన్ డయాక్సైడ్‌గా, గాలిలో కలిసిపోతుంది.

పాత నల్లగొండ జిల్లాలో మట్టంపల్లి, మేళ్ళచెర్వు, వాడపల్లి ప్రాంతాల సిమెంటు కర్మాగారాలలో జరిగేదీ ఇదే. కొలిమిలో మండే బొగ్గు నుంచి వచ్చే వాయువు దీనికి అదనం. పైర్లపై పడే దుమ్ము కంటికి కనిపిస్తుంది. ఈ వాయువు కనిపించదు. కాని భూమి వేడెక్కడానికి ముఖ్య కారణం ఇదే.

ఈ వాయువును తిని బతికే సూక్ష్మజీవులు ఉన్నాయి. 1936లో హాలండు శాస్త్రజ్ఞుడు వీరింగా అటువంటి జీవిని ఒకదానిని కనుగొన్నారు. అది బొగ్గుపులుసు వాయువుకు ఉదజని వాయువును చేర్చి ఎసిటిక్ ఆమ్లం తయారు చేస్తుంది. వెనిగర్‌లోని పులుపు అదే. రంగులు, జిగురుల తయారీకి అది కావలసిన సరుకు. ఇదే జాతి జీవి మరొకటి తర్వాత అమెరికాలో కోళ్ళ పెంటలో దొరికింది. అది ఆల్కహాలు కూడా ఇస్తుంది.

మన ఊళ్ళకు ఈ పని కొత్త కాదు. గోబర్ గ్యాస్ తొట్టిలో గాలి తగలకుండా పెరిగే జీవులు మండే గ్యాసులో కొంత భాగాన్ని ఈ విధంగానే తయారు చేస్తాయి.

చైనాలో ఒక ఉక్కు కర్మాగారం వద్ద పొగ నుంచి ఆల్కహాలు తీసే పని 2018లో వ్యాపార స్థాయిలో మొదలైంది. హైదరాబాదు తార్నాకలోని ఐ.ఐ.సి.టి. శాస్త్రజ్ఞులు కూడా ఈ దారిలో పరిశోధనలు చేశారు. మరి సిమెంటు పొగకు చిక్కేమిటి?

ఉక్కు పొగలో ఇంకా మండగల వాయువు మిగిలి ఉంటుంది. జీవులకు అదే బలం. సిమెంటు పొగ పూర్తిగా కాలిన బూడిద వంటిది. దానికి ఉదజనిని బయటి నుంచి ఇవ్వాలి. ఉదజనిని నీటి నుంచి తీయడానికి కిలోకు సుమారు 50 యూనిట్ల కరెంటు పడుతుంది. ఆ 44 కిలోల వాయువుకు 4 కిలోల ఉదజని, అంటే 200 యూనిట్లు కావాలి. అయిదు హార్స్‌పవర్ బోరు మోటారు సుమారు రెండు రోజులు ఆగకుండా నడిచే కరెంటు అది. ఏమీ వృథా కాకపోతే చేతికి వచ్చేది 30 కిలోల ఆమ్లం.

ఆ కరెంటును బొగ్గు కాల్చి తీస్తే, పట్టిన వాయువుకు సుమారు నాలుగింతలు మళ్ళీ గాలిలోకి వదిలినట్లే. ఎండ నుంచి చౌకగా తీయగలిగితేనే లాభం. నల్లగొండ, పాలమూరు మెట్టలలో ఎండకు కొదువ లేదు. రేపు ఎవరైనా పొగను సరుకు చేస్తామని ఊరికి వస్తే రైతులు ముందుగా అడగవలసినవి రెండే: కరెంటు ఎక్కడి నుంచి తెస్తారు? ఎండ పలకలు ఎవరి భూమిలో పరుస్తారు?